కాంటెస్సా 1.8 ప్రాజెక్టు డైరీ: ఫ్యాను, బెల్టులు, గాలి దారి

బండి హిందుస్తాన్ కాంటెస్సా క్లాసిక్, ఇసుజు 1.8 పెట్రోల్, 1817 సీసీ, కార్బొరేటర్, వెనక చక్రాల డ్రైవ్. కంపెనీ దీన్ని 1984 నుంచి 2002 దాకా చేసింది, బాడీ ఇంగ్లండ్ వాక్స్‌హాల్ బండి మీదికెల్లి తీసుకున్నది, మొదట్ల అంబాసిడర్ 1.5 ఇంజిన్ పెట్టిన్రు, అది ఇంత పెద్ద బాడీని లాగలేక సచ్చేది, ఇసుజు ఇంజిన్ వచ్చినంకనే బండికి ప్రాణమొచ్చింది. అప్పట్ల మన దగ్గర తయారైన పెద్ద లగ్జరీ కార్ అంటే దాదాపు ఇదే.

నా బండి ట్రాఫిక్ల ఉడుకుతుంటే ఫ్యాను, బెల్టులు, గాలి దారి మార్చిన. కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం దిక్కు ఈ బండి ఉన్నోళ్ళు ఇదే పని చేస్తమంటే చూసి చేసుకోవాలని రాస్తున్న. కొలతలన్నీ నా బండివి. ఇన్నేండ్ల పాత బండ్లల్ల ఒకదాని లెక్క ఇంకోటి ఉండదు, ముందు ఓనర్లు ఏం పెట్టిన్రో ఏం పీకిన్రో దేవునికెరుక, కాబట్టి సామాన్లు కొనేముందు టేపు పట్టి మీ బండి కొల్చుకోండి.

ఇంకో ముచ్చట, బెల్టులు అంటే ఇంజిన్ ముందట తిరిగే వీ బెల్టులే. ఈ ఇంజిన్ల టైమింగ్ కి చైన్ ఉంటది, దాన్ని ముట్టుకోలే.

స్టేజ్ 0: ఏదీ ముట్టకముందు కొలతలు

నా మనసంతా ఇంటేక్ (ఇంజిన్లకు గాలి పోయే దారి) మీదనే ఉండె, కానీ కొల్చినంక పని వరుసనే మారిపోయింది. వాడిన సామాన్లు: ఐఆర్ గన్ (దూరం నుంచే వేడి కొల్చేది), డీసీ కరెంట్ చూపెట్టే క్లాంప్ మీటర్ (ఏసీ ఒక్కటే చూపెట్టేది బండికి పనికిరాదు), వైరు కొసకు సెన్సర్ ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్, లగేజీ తూచే కాంటా, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు.

లెవెల్ పైపు ఎందుకంటే, ఫిల్టరూ దాని ముందున్న గొట్టమూ గాలికి ఎంత అడ్డం పడుతున్నయో చూడనీకి. ట్రాన్స్‌పరెంట్ పైపును యూ ఆకారంల చెక్కకు కట్టి, సగం దాకా రంగు నీళ్ళు పోసి, ఒక కొస ఫిల్టర్ దాటినంక ఎయిర్ క్లీనర్ డబ్బాల చిన్న బొక్క చేసి పెట్టిన, ఇంకో కొస క్యాబిన్ల ఖాళీగ వదిలేసిన. ఫుల్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు రెండు దిక్కుల నీళ్ళ మట్టాలు ఎంత తేడా వస్తే అంత అడ్డం ఉన్నట్టు. పక్క సీట్ల ఒకరు కూసోని స్కేలు చూడాలె, నడిపేటోళ్ళు చూడొద్దు.

ఐఆర్ గన్ తోని ఒక తిరకాసు ఉన్నది. మెరిసే ఇత్తడి, అల్యూమినియం మీద అది తప్పు చూపిస్తది, చానా తక్కువ చూపిస్తది. కొల్చే కాడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొట్టాలె.

బయట 41 డిగ్రీలు ఉన్న రోజు లెక్కలు:

1. ఏసీ వేసి నిలబెట్టి ఐడిల్ మీద (యాక్సిలరేటర్ తొక్కకుండ) పది నిమిషాలు: రేడియేటర్ టాప్ ట్యాంక్ 103, ఇంకా ఎక్కుతనే ఉంది
2. హన్మకొండ నుంచి జనగామ దిక్కు హైవే మీద 80 స్పీడుల: 91
3. కార్బొరేటర్ల పోయే గాలి, హైవే మీద: 58
4. అదే గాలి, కాజీపేట బ్రిడ్జి కాడ ట్రాఫిక్ల: 69
5. 4000 ఆర్పీఎం ఫుల్ థ్రాటిల్ల లెవెల్ పైపు తేడా: 33 సెం.మీ.
6. నాలుగో గేర్ల 60 నుంచి 100: 14.8 సెకండ్లు, పోతప్పుడు వచ్చేటప్పుడు తీసి సగటు

హైవే మీద మంచిగుండి ట్రాఫిక్ల ఉడికితే ముందుగాల ఫ్యాను గాలిని అనుమానించాలె. ట్రాఫిక్ల మంచిగుండి హైవే మీద ఉడికితే రేడియేటర్ జామ్ అయిందనో నీళ్ళు తిరుగుతలేవనో అర్థం. నాది మొదటి రకం అనిపించింది గానీ రేడియేటర్ చూడకుండ ఫ్యాను కొంటే పైసలు నీళ్ళల్ల పోసినట్టే, అందుకే ముందు దాన్ని దింపిన.

స్టేజ్ 1: రేడియేటర్

ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు కోర్ (ట్యూబులు, రెక్కలున్న రేడియేటర్ నడిమి భాగం) మీద గళ్ళు గళ్ళుగ టేపు ముక్కలు అతికించి గన్ కొట్టిన. పైన 96, నడిమిట్ల 90, కుడి దిక్కు కింద మూలకు వచ్చేసరికి ఒక్కసారే 67. చల్లగ ఉందంటే మంచిది అనుకోవద్దు, అక్కడికి నీళ్ళే పోతలేవన్నట్టు. విప్పించి చూస్తే ఆ మూల ట్యూబులన్నీ తెల్లగ సున్నం పట్టి మూసుకపోయినయ్. ఏండ్ల కొద్దీ బోరు నీళ్ళు పోసిన ఫలితం, మన దిక్కు బోరు నీళ్ళు ఎంత ఉప్పగ ఉంటయో ఇంట్ల గీజర్ కాయిల్ చూసినోళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

ఇది రాగి ఇత్తడి రేడియేటర్, ట్యాంకులు టంకం ఇప్పి రాడింగ్ (ట్యూబులల్ల సన్న కడ్డీ దూర్చి సున్నం తీసుడు) చెయ్యొచ్చు. ఈమధ్య బండ్ల ప్లాస్టిక్ ట్యాంకు రేడియేటర్లకు ఈ సౌకర్యం లేదు.

1. ట్యాంకులు ఇప్పించి రాడింగ్, మళ్ళ టంకం, నీళ్ళ తొట్టిల ముంచి గాలి పట్టి లీక్ టెస్ట్: 1,800
2. కొత్త క్యాప్, 0.9 బార్: 250
3. థర్మోస్టాట్, 82 డిగ్రీలది: 450
4. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్: 1,150
5. పైన కింద హోస్ పైపులు: 900

స్టేజ్ మొత్తం 4,550. ఇప్పటిదాకా 4,550.

థర్మోస్టాట్ గురించి జర ఆగాలె. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్ల పోనియ్యకుండ ఆపే వాల్వ్ ఇది. మన దగ్గర బండి వేడెక్కిందంటే మెకానిక్ చేసే మొదటి పని థర్మోస్టాట్ పీకి చెత్తల పారేసుడు. అప్పటికి నయమనిపిస్తది, కానీ ఇంజిన్ సగం రోజు చల్లగనే తిరిగి పెట్రోల్ ఎక్కువ తాగుతది, ఆయిల్ నల్లబడుతది. అదీగాక ఫ్యాను స్విచ్చికి ఒక స్థిరమైన టెంపరేచర్ కావాలె. పాతదాన్ని పారేసే ముందు గిన్నెల నీళ్ళు పోసి దారానికి కట్టి వేలాడదీసి స్టవ్ మీద పెట్టిన. 88 దాటినంక కదిలింది, నీళ్ళు మసిలే టైముకు కూడా 4 మి.మీ. మాత్రమే తెరుచుకుంది. కొత్తది 82 కాడ మొదలై 95 కల్లా 8 మి.మీ. తెరుచుకుంది. కొత్తదాన్ని కూడా పెట్టేముందు ఇట్ల ఉడకబెట్టి చూడండి, డబ్బా మీద రాసింది నమ్మొద్దు.

క్యాప్ కూడా అంతే. 0.9 బార్ ప్రెజర్ పట్టుకుంటే నీళ్ళు 118 దాకా మసలవు, క్యాప్ రబ్బర్ పోయిందంటే 100 కే గుడగుడ.

ఇదంతా చేసినంక ఏసీ ఐడిల్ 103 నుంచి 98 కి వచ్చింది. ఫ్యాను ఇంకా ముట్టలే.

స్టేజ్ 2: ఇంజిన్ ఫ్యాను తీసి కరెంట్ ఫ్యాను

నా బండికి వాటర్ పంప్ పుల్లీ మీద నేరుగ బోల్ట్ కొట్టిన ప్లాస్టిక్ ఫ్యాను ఉండె. ఇంజిన్ స్పీడును బట్టే అది తిరుగుతది, అంటే ట్రాఫిక్ల గాలి కావాల్సినప్పుడు మెల్లగ, హైవే మీద ఎదురుగాలి బోలెడు ఉన్నప్పుడు ఊరికే గిర్రున. ఫ్యాను స్పీడు రెండింతలైతే అది తినే పవర్ ఎనిమిదింతలైతది, లాభం లేని కాడ ఖర్చు ఎక్కువ. పైగా షరౌడ్ (ఫ్యాను గాలి కోర్ మొత్తం నుంచి వచ్చేటట్టు చుట్టూ ఉండే కప్పు) లేదు, ఎప్పుడో ఎవరో పీకేసిన్రు.

ఆటోనగర్ల పెద్ద ఉస్తాద్ ఒప్పుకోలే. "పుట్టినప్పటినుంచి ఉన్న ఫ్యాను బిడ్డా, దాన్ని పీకుతనంటవేంది, రేపు కరెంట్ ఫ్యాను ఆగితే హెడ్ గాస్కెట్ ఎవడిస్తడు" అన్నడు. "అందుకే డ్యాష్‌బోర్డు మీద ఫ్యాను తిరిగితే వెలిగే లైటు పెడ్తున్న కాకా" అంటే, "లైటు నీళ్ళు చల్లారుస్తదా" అని నవ్విండు. ఆయన భయంల న్యాయం ఉంది కాబట్టి పాత ఫ్యాను, స్పేసర్, బోల్టులు డిక్కీల మూట కట్టి పెట్టిన.

మొదటి ఫ్యాను, పనికిరాలే. ఆన్‌లైన్ల దొరికే 12 ఇంచుల సన్న ఫ్యాను, డబ్బా మీద 80 వాట్లని రాసుంది, రేట్ 2,600. దానితోనే ప్లాస్టిక్ పిన్నులు ఇస్తరు, రేడియేటర్ రెక్కల నడుమంగ గుచ్చి బిగించుడు. రెండు గడబిడలు. ఒకటి, కోర్ 48 సెం.మీ. వెడల్పు, 38 ఎత్తు, అంటే 1,824 చదరపు సెం.మీ. ఆ ఫ్యాను చుట్టు 730 దాకనే, షరౌడ్ లేదు కాబట్టి దాని ఎదురుగ ఉన్న కోర్ నుంచే గాలి లాగుతది, మిగిలిన అరవై శాతం కోర్ ఉత్తగనే కూసుంటది. టాప్ ట్యాంక్ 104 కొట్టింది, అంటే పాత ఫ్యాను కంటె అధ్వాన్నం. రెండోది, పిన్నులు ట్యూబులకు రాసుకుంటున్నయ్, ఇంకొన్ని నెలలైతే బొక్క పడేది.

రెండో ఫ్యాను, ఇదే ఉంది ఇప్పుడు. హైదరాబాద్ స్క్రాప్ల నుంచి ఒక డీజిల్ కారుది, 14 ఇంచులు, పూర్తి ప్లాస్టిక్ షరౌడ్ తోని సహా. షరౌడ్ కొలత 46 ఇంటు 37, నా కోర్ కు దాదాపు సరిపోయింది. కొనేముందు మూడు చూడాలె: చేతితో తిప్పితే గరగర రావొద్దు, బ్యాటరీ పెట్టి నడిపితే రెక్కలు ఊగొద్దు, మోటార్ వెనక మందం. ఇంజిన్ ఫ్యాను తీసేసినంక కోర్ కు వాటర్ పంప్ ముక్కుకు నా దాంట్ల 92 మి.మీ. జాగ ఉంది, ఈ ఫ్యాను మందం 71. ఇంజిన్ రబ్బర్ మౌంట్ల మీద బ్రేక్ కొట్టినప్పుడు ముందుకు ఊగుతది కాబట్టి కనీసం 15 అయినా ఖాళీ ఉంచాలె.

బిగించిన వరుస:

1. బ్యాటరీ మైనస్ తియ్యాలె.
2. పాత ఫ్యాను, స్పేసర్ తియ్యాలె. ఆ పొడుగు బోల్టులే పుల్లీని కూడా పట్టుకుంటయ్, స్పేసర్ లేకుండ అవే ఎక్కిస్తే కొస తగిలి బిగిసినట్టు అనిపిస్తది గానీ పుల్లీ వదులుగనే ఉంటది. కొలిచి పొట్టివి, 8.8 గ్రేడువి వెయ్యాలె.
3. పైన కింద ఎల్ యాంగిల్ పట్టీలు, రేడియేటర్ పక్క ఫ్రేముకు, నడుమ రబ్బర్ బుష్షులు. రెక్కలకు ఏదీ గుచ్చొద్దు.
4. ఫ్యాను తిప్పి గ్రిల్ ముందట న్యూస్‌పేపర్ ముక్క పెట్టాలె. అతుక్కుంటే సరి, ఎగిరిపోతే ప్లస్ మైనస్ తారుమారు.
5. షరౌడ్ మూలలకు నాలుగు కిటికీలు కోసి పల్చటి రబ్బర్ రేకులు కట్టాలె. ఫ్యాను తిరిగితే మూసుకుంటయ్, హైవే మీద ఎదురుగాలికి తెరుచుకుంటయ్. ఇవి లేనప్పుడు 80 స్పీడుల 94 వచ్చింది, పెట్టినంక 88.

వైరింగ్ల తల బొప్పి కట్టింది. ఎలక్ట్రీషియన్ తన దగ్గరున్న సన్న వైరు లాగి, ఎర్త్ పక్కనే ఉన్న బాడీ బోల్టుకు ఇచ్చిండు. బ్యాటరీ కాడ 13.4 వోల్టులు, ఫ్యాను కాడ 11.2. రెండు వోల్టులు దారిలనే పోతే ఫ్యాను బద్దకంగ తిరుగుతది, వైరు వేడెక్కుతది. 4 చదరపు మి.మీ. వైరు వేసి ఎర్త్ నేరుగ బ్యాటరీ మైనస్ కు ఇస్తే ఫ్యాను కాడ 13.0. తిరిగేటప్పుడు 13.5 ఆంపులు, మొదలయ్యే క్షణంల 36 దాకా కొడుతుంది, అందుకే 15 ఫ్యూజ్ వెంటనే ఎగిరింది, 30 వేసిన. 40 ఆంపుల రిలే (చిన్న కరెంట్ తోని పెద్ద కరెంట్ ను ఆన్ చేసే స్విచ్), పిన్ నంబర్ల వారీగ: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగ, 87 ఫ్యానుకు, 86 ఇగ్నిషన్ ప్లస్, 85 థర్మో స్విచ్ మీదుగ ఎర్త్. ఏసీ కంప్రెసర్ క్లచ్ వైరు నుంచి ఇంకో రిలే, ఏసీ వేస్తే ఫ్యాను తిరగాల్సిందే.

థర్మో స్విచ్ (వేడిని బట్టి ఫ్యానును ఆన్ ఆఫ్ చేసేది) రెండు కొనాల్సొచ్చింది. రెక్కల నడుమ దూర్చే సన్న ప్రోబ్ రకం గాలి టెంపరేచర్ చదువుతది, నీళ్ళది కాదు, ఒకసారి 86 కే ఆన్ ఇంకోసారి 99 కి కూడా మౌనం. తీసేసి పైన హోస్ పైపును కోసి నడుమ అల్యూమినియం అడాప్టర్ పెట్టి, అందుల మర స్విచ్ బిగించిన, 92 కి ఆన్, 87 కి ఆఫ్. ఆఫ్ అయ్యే నంబర్ థర్మోస్టాట్ 82 కంటె పైన ఉండాలె, లేకుంటే ఫ్యాను ఆగనే ఆగదు. సింగిల్ పిన్ స్విచ్ కొన్నోళ్ళకు ఒక మాట: అడాప్టర్ రెండు దిక్కులా రబ్బరే కదా, దానికి ఎర్త్ ఎక్కడిది? అడాప్టర్ బాడీకి వేరే ఎర్త్ వైరు కట్టాలె. చానా మంది స్విచ్ ఖరాబని వాపస్ చేసేది ఈ ఒక్క వైరు లేకనే.

ఖర్చు: సన్న ఫ్యాను 2,600, స్క్రాప్ ఫ్యాను 2,200, దానికి బ్రష్షులు 350, యాంగిల్ పట్టీలు బుష్షులు 600, రిలేలు ఫ్యూజ్ వైరు 1,350, పనికిరాని ప్రోబ్ 550, మర స్విచ్ అడాప్టర్ 1,100, బోల్టులు 60. స్టేజ్ మొత్తం 8,810. ఇప్పటిదాకా 13,360.

ఏసీ ఐడిల్ ఇప్పుడు 91 నుంచి 93 నడుమనే ఆడుతుంది. ఉస్తాద్ వచ్చి పావుగంట సేపు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు, ఏమనలే, చాయ్ చెప్పిండు.

స్టేజ్ 3: ఆల్టర్నేటర్, బెల్టులు

ఫ్యాను పని అయిపోయిందనుకుంటే రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాను మూడూ ఉన్నప్పుడు బెల్టు కీచుమనుడు షురువైంది, ఐడిల్ల వోల్టేజ్ 11.9 కి పడింది. లెక్క కాగితం మీద పెట్టిన:

- హెడ్‌లైట్లు డిమ్: 9 ఆంపులు
- వెనక లైట్లు, మీటర్: 3
- ఇగ్నిషన్: 4
- ఏసీ బ్లోయర్: 10
- కంప్రెసర్ క్లచ్: 4
- కొత్త ఫ్యాను: 13.5

మొత్తం 43.5. ఆల్టర్నేటర్ (బెల్టుతోని తిరిగి కరెంట్ చేసేది) ప్లేటు మీద 45 అని ఉంది, సరిపోవాలె కదా? సరిపోదు, ప్లేటు మీద నంబర్ అది గట్టిగ తిరిగినప్పటిది. 800 ఐడిల్ల క్లాంప్ పెడితే 19 ఆంపులే వస్తున్నయ్. మిగిలింది బ్యాటరీ ఇస్తుంది, ట్రాఫిక్ల గంట సేపు ఇట్లనే ఉంటే బండి మళ్ళ స్టార్ట్ కాదు. గట్టమ్మ గుడి కాడ మేడారం జాతర ట్రాఫిక్ల ఇరుక్కున్నోళ్ళకు గంట అంటే ఏందో ఎరుకే.

స్క్రాప్ల 65 ఆంపులది, రెగ్యులేటర్ లోపలే ఉన్న రకం దొరికింది. పుల్లీ చిన్నది, పాతది 70 మి.మీ. అయితే ఇది 62. క్రాంక్ పుల్లీ 140 కాబట్టి ఇదివరకు ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే ఇది రెండు, ఇప్పుడు 2.26. ఐడిల్ను 900 చేసినంక 33 ఆంపులు వస్తున్నయ్. చిన్న పుల్లీకి ఒక నష్టం ఉంది, బెల్టు దానికి తక్కువ చుట్టుకుంటది, పట్టు తగ్గుతది. అందుకే లోపలి దిక్కు పళ్ళున్న బెల్టు తీసుకున్న, అది చిన్న పుల్లీ మీద మంచిగ వంగుతది.

కీచుకు అసలు కారణం మాత్రం టెన్షన్ కాదు. బెల్టు తీసి పుల్లీ గాడిల చూస్తే వాటర్ పంప్ పుల్లీ గాడి అడుగు అద్దం లెక్క మెరుస్తుంది. వీ బెల్టు పక్క గోడలకు పట్టుకుని నడవాలె, అడుగు తగలొద్దు. అడుగు మెరుస్తుందంటే గాడి అరిగి బెల్టు లోపలికి కూసుంది, ఎంత బిగించినా జారుతది, బిగించిన కొద్దీ పంప్ బేరింగ్ మీద పడుతది. పుల్లీ మార్చినంకనే కీచు బంద్ అయింది. బెల్టు మీద సబ్బు రుద్దుడు, మైనం రుద్దుడు చేసేటోళ్ళను చూసిన, రెండు రోజుల ముచ్చట అది.

1. క్రాంక్ పుల్లీ ముఖం మీద పొడుగు స్టీల్ స్కేలు ఆనించి చూస్తే కొత్త ఆల్టర్నేటర్ 4 మి.మీ. వెనక ఉంది. లేత్ మీద బుష్ చేయించి ముందుకు జరిపినం.
2. బెల్టు పాతది 10 ఇంటు 950, కొత్త ఆల్టర్నేటర్ చెవులు దూరంగ ఉన్నయ్ కాబట్టి 10 ఇంటు 975. ముందు నులక తాడు చుట్టి కొలిచి కొన్నం.
3. టెన్షన్: పొడుగు వైపు నడుమ లగేజీ కాంటా కొక్కెం తగిలించి 10 కేజీలు లాగితే 10 నుంచి 12 మి.మీ. వంగాలె. బొటనవేలు లెక్క మనిషికోతీరు ఉంటది.
4. అరగంట నడిపి చల్లారినంక మళ్ళ చూస్తే 17 వంగింది, కొత్త బెల్టు సాగుతది. మళ్ళ బిగించి 500 కిలోమీటర్లకు ఇంకోసారి.

ఆల్టర్నేటర్ 3,200, బేరింగ్ బ్రష్షులు 480, లేత్ పని 700, బెల్టులు రెండు 640, పుల్లీ 500. స్టేజ్ మొత్తం 5,520. ఇప్పటిదాకా 18,880.

అన్నీ వేసి ఐడిల్ల ఇంకా పది ఆంపుల లోటే ఉంది, దాచేదేం లేదు, 12.6 కనబడుతది. కదిలితే 13.9. ఫ్యాను ఆగి ఆగి తిరుగుతది, ఏసీ వెయ్యనప్పుడు లోటు రాదు, నాకిది చాలు.

స్టేజ్ 4: ఇంటేక్

అందరికీ ముందు గుర్తొచ్చేది కోన్ ఫిల్టర్, డబ్బా లేకుండ నేరుగ పెట్టే శంకువు ఆకారం ఫిల్టర్. దోస్తు దగ్గర ఒకటి ఉంటే అడుక్కొచ్చి పెట్టి కొల్చిన. లెవెల్ పైపుల తేడా 14 సెం.మీ., చానా మంచి నంబర్. సప్పుడు కూడా మస్తుంది. కానీ గాలి టెంపరేచర్ ట్రాఫిక్ల 74, అంటే ఇంజిన్ వేడినే మళ్ళ మింగుతుంది. పైగా మా దిక్కు గ్రానైట్ లారీల వెనక పోతే తెల్లటి దుమ్ము, నూనె రాసిన గుడ్డ ఫిల్టర్ మీద నాకు నమ్మకం లేదు. వాపస్ ఇచ్చేసిన. కంపెనీ రేకు డబ్బా, కాగితం ఫిల్టర్ ఉంచుకుని దాని ముక్కుకు బయటి గాలి తెచ్చుడే పని.

గొట్టాలు:

- 60 మి.మీ. ముడతల గొట్టం: గాలి చల్లగనే వచ్చింది, కానీ 41 సెం.మీ. తేడా, ఏం పెట్టకముందు 33 ఉండె. ముడతలు, వంపులు గాలిని పట్టుకుంటున్నయ్.
- 75 మి.మీ. పీవీసీ పైపు: ఎగ్జాస్ట్ దిక్కు మెత్తబడి ఒంగిపోయింది.
- ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్ రబ్బర్ హోస్, 75 మి.మీ., లోపల నున్నగ: 21 సెం.మీ. వేడికి కదల్లే, ప్రతి ట్రాక్టర్ సామాన్ల షాపుల దొరుకుతది, 420.

మూతి ఎక్కడ పెట్టాలన్నదాని మీద వాదన నడిచింది. బంపర్ కింద పెడితే గాలి ఇంకా చల్లగ వస్తది, నిజమే. కానీ 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మి.మీ. వాన పడింది, అప్పుడు హన్మకొండ కాలనీలల్ల కార్లు ఏ గతి పట్టినయో చూసినం. నీళ్ళు పిస్టన్ మీదికి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతది. అందుకే గ్రిల్ వెనక, హెడ్‌లైట్ పక్కన, నేల నుంచి 61 సెం.మీ. ఎత్తుల పెట్టినం, రేకు మూతికి జాలి, గొట్టం కింది వంపుల 6 మి.మీ. బొక్క, వాన చుక్కలు కారిపోనీకి.

ఫలితం అదే 41 డిగ్రీల లెక్కల: హైవే మీద 58 నుంచి 45, ట్రాఫిక్ల 69 నుంచి 52. గాలి 58 నుంచి 45 కి దిగితే నాలుగు శాతం చిక్కబడుతది. నాలుగు శాతమే, ఇరవై హెచ్‌పీ పెరిగిందని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

ఇక పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకులల్ల వచ్చేది ఈ20, ఇరవై శాతం ఇథనాల్. పాత కార్బొరేటర్ బండికి మూడు ఇబ్బందులు: పాత రబ్బర్ పైపులు ఉబ్బి మెత్తబడుతయ్, గాలి పెట్రోల్ మిక్స్చర్ పల్చబడుతది, ఎండల బండి ఆపినంక బౌల్ల (కార్బొరేటర్ల పెట్రోల్ నిలిచే గిన్నె) పెట్రోల్ ఆవిరై మళ్ళ స్టార్ట్ కాదు. ఆపినంక బౌల్ మీద టేపు పెట్టి చూస్తే 58 ఉన్నది పన్నెండు నిమిషాలకు 79 అయింది. ఇథనాల్ 78 కే మసులుతది, పెట్రోల్ల తేలిక భాగాలు అంతకంటె చానా ముందే లేస్తయ్.

1. కార్బొరేటర్ కింద 10 మి.మీ. బేకలైట్ స్పేసర్, రెండు గాస్కెట్లు, పొడుగు స్టడ్లు. వేడి మ్యానిఫోల్డ్ నుంచి ఎక్కకుండ.
2. ఎగ్జాస్ట్ కు బౌల్ కు నడుమ అల్యూమినియం రేకు, రెండు దిక్కులా గాలి ఆడేటట్టు.
3. పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే ఆర్9 మార్కువి.
4. మెయిన్ జెట్ (కార్బొరేటర్ల పెట్రోల్ పోయే సన్న బొక్క) ఒక సైజు పెద్దది. ప్లగ్గులు సున్నం లెక్క తెల్లగ ఉండె, ఇప్పుడు లేత గోధుమ రంగు.
5. ఫ్యానుకు టైమర్ రిలే, బండి ఆపినంక 90 సెకండ్లు తిరుగుతది.

స్పేసర్ పెడితే ఎయిర్ క్లీనర్ కూడా 10 మి.మీ. లేస్తది, బానెట్ తగుల్తదేమో చూడాలె. ఇంట్ల నుంచి చపాతి పిండి ముద్ద తెచ్చి డబ్బా మూత మీద పెట్టి బానెట్ మెల్లగ మూసి తెరిచిన, ముద్ద 16 మి.మీ. మందం మిగిలింది. స్పేసర్ వేసినంక 6. సరిపోయింది గానీ ఇంజిన్ ఊగినప్పుడు తగుల్తదని బటర్‌ఫ్లై నట్టు తీసి బల్లపరుపు నట్టు వేసిన. యాక్సిలరేటర్ కేబుల్ కూడా మళ్ళ సర్దాలె, లేకుంటే ఫుల్ థ్రాటిల్ తెరుచుకోదు, దీన్ని లోపల ఒకరు తొక్కుతుంటే బయట టార్చ్ కొట్టి చూడాలె.

ఇప్పుడు బౌల్ ఆపినంక 66 దాటుతలే.

హోస్ 420, క్లిప్పులు 120, రేకు మూతి 500, వేడి అడ్డం రేకు 650, స్పేసర్ గాస్కెట్లు 850, స్టడ్లు 200, పెట్రోల్ పైపులు 960, కాగితం ఫిల్టర్ 380, జెట్ 250. స్టేజ్ మొత్తం 4,330. ఇప్పటిదాకా 23,210. టైమర్ రిలే ఇంట్ల పడి ఉన్నదే. ఉస్తాద్ కూలి ఇందుల కలపలే, అది ఆయనకూ నాకూ నడుమ ఉండే లెక్క.

ఆర్సీ గురించి అడిగేటోళ్ళకు: మోటార్ వెహికల్స్ చట్టంల 52వ సెక్షన్ బండి అసలు స్పెసిఫికేషన్ మార్చుడు గురించి. ఇంజిన్ మార్చలే, బాడీ కొయ్యలే, పొల్యూషన్ టెస్ట్ మళ్ళ చేయించిన, జెట్ మార్చినోళ్ళు ఇది తప్పకుండ చేయించాలె.

స్టేజ్ 5: మొత్తం వేసినంక

బయట 42 ఉన్న మధ్యాన్నం వరంగల్ నుంచి ములుగు, పస్రా దాకా ఏసీ వేసి:

- ఏసీ ఐడిల్ టాప్ ట్యాంక్: 103 ఉండె, 92
- హైవే 80: 91 ఉండె, 87
- నాలుగో గేర్ 60 నుంచి 100: 14.8 ఉండె, 13.6. ఇంజిన్ ఫ్యాను తీసినప్పుడే 13.9 కి వచ్చింది, ఇంటేక్ కు దక్కింది 0.3 మాత్రమే
- లెవెల్ పైపు: 33 ఉండె, 21

అంటే ఇరవై మూడు వేలల్ల స్పీడ్ కు పనికొచ్చిన భాగం ఫ్యాను పీకుడే, ఇంటేక్ పని పెట్రోల్ ఉడకకుండ చేసినందుకే పైసా వసూల్. ఎవరన్నా ఒక్క స్టేజే చేస్తమంటే రేడియేటర్ రాడింగ్, షరౌడ్ ఉన్న ఫ్యాను చెయ్యండి, కోన్ ఫిల్టర్ పైసలు ఆల్టర్నేటర్ మీద పెట్టండి.

మిగిలిన పని: ఏసీ బెల్టు ఐడ్లర్ బేరింగ్ పొద్దున చల్లగ ఉన్నప్పుడు గరగర అంటుంది, 6203 నంబర్, సామాన్ల షాపుల దొరుకుతది. ఫ్యాను మోటార్ పోయిన వారం కొలిస్తే 13.5 కు బదులు 15.2 ఆంపులు తాగుతుంది, వెనక బుష్ ఎండిపోయినట్టుంది. ఇప్పి చూడాలె, అప్పటిదాకా పాత ఫ్యాను మూట డిక్కీలనే ఉంటది.